హ్యాంగ్ అప్: అర్థం, పుట్టుక, వాడుక

ఆ ఫోను తీయించెయ్యాలా, ఉంచాలా అన్న గొడవ ఆ ఇంట్లో మూడో వారంలో పడింది.

“రేపు పదింటికి ఫోనువాళ్ళొస్తారు. కాగితం రాసిచ్చేశాను,” అన్నాడు భర్త. గడ్డం ఒక పక్క గీసుకుని, రెండో పక్క నురగతోనే వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

“నన్నొక్క మాట అడక్కుండానే?”

“ఇరవై రోజులుగా అడుగుతున్నాను. ఊఁ అనవు, ఊహూఁ అనవు. అది మోగిన రోజల్లా నా చెయ్యి వణికి, నేను గీసే మ్యాపుల్లో నదులు ఊళ్ళ మీదుగా పారుతున్నాయి.”

“ఆఫీసువాళ్ళు చేస్తారండీ. ఉండాలి.”

“బడిపుస్తకాల్లో అచ్చుతప్పులు దిద్దేదానికి పొద్దున్న ఏడింటికి అంత కొంపలంటుకునే పనేమిటి? ఎక్కడైనా కామా కాలు విరగ్గొట్టుకుందా?”

అత్తగారు మాత్రలు మింగి గ్లాసు బల్ల మీద పెట్టింది. “రోజూ ఒకే టైముకి చేసి, మాట్లాడకుండా ఉండేది మనిషి కాదురా. మనుషులకి అంత క్రమశిక్షణ ఎక్కడేడిచింది? అది దెయ్యమే.”

“దెయ్యానికి ఊపిరెందుకమ్మా? ఊపిరి వినపడుతోందనే కదా నా ఏడుపు!”

కూతురు ఈ గొడవలో తలదూర్చలేదు. పరీక్ష పుస్తకం ముందేసుకుని పెన్సిలు నముల్తోంది. “అమ్మా, హ్యాంగ్ అప్ అంటే పైకి తగిలించడం కదా. ఫోను పెట్టెయ్యడం ఎలా అయింది? మనం కిందే కదా పెడతాం?”

టీ వడపోస్తున్న చెయ్యి ఆగింది. ఇంగ్లీషులో అన్ని మాటలుండగా ఈ పిల్లకి ఇవాళ ఇదే దొరకాలా?

“మొదట్లో ఫోన్లు గోడకి బిగించి ఉండేవి,” అందామె నెమ్మదిగా. “చెవికి ఆనించుకునేది విడిగా, తీగకి వేలాడుతూ ఉండేది. మాట అయిపోగానే దాన్ని పెట్టె పక్కనున్న కొక్కేనికి తగిలించాలి. బరువుకి కొక్కెం కిందకి దిగితే లైను తెగుతుంది. అందుకని హ్యాంగ్ అప్. ఫోన్లు బల్ల మీదకొచ్చినా మాట మాత్రం ఆ కొక్కేనికే ఉండిపోయింది.”

“మరి హ్యాంగ్ అప్ ఆన్?”

“అవతలివాళ్ళు మాట్లాడుతుండగానే పెట్టెయ్యడం.”

“అది మర్యాద కాదు కదా?”

“కాదు,” అందామె.

అప్పుడే ఫోను మోగింది. ఏడూ ఇరవై ఒకటి.

 భర్త గడ్డం మీద నురగ జారి చొక్కా మీద పడింది. ఆమె వెళ్ళి రిసీవరు తీసి, “హలో,” అంది. అటువైపు ఊపిరి, అంతే. ఆమె అలవాటుగా లోపల లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు...

ఆమె పనిచేసే చోట బయటి నాలుగు గదుల్లోనూ నిజంగానే బడిపుస్తకాలు దిద్దుతారు. నాలుగో గది బీరువా వెనక ఇంకో తలుపుంది. ఆ తలుపు అవతల ఆమెని అందరూ పిన్ని అంటారు. పదిహేడేళ్ళుగా ఫీల్డ్ ఏజెంట్లని నడిపించేది ఆమె. అక్కడి రూల్స్‌లో మొదటిది: మామూలు ఫోనులో ఏజెంటు మొదటి వాక్యంలోనే కోడ్ వర్డ్ చెప్పాలి. చెప్పకపోతే పెట్టెయ్యాలి. మాట్లాడని ఫోనైతే ఐదు లెక్కపెట్టి పెట్టెయ్యాలి.

ఇరవై నాలుగు రోజుల కిందట, మంగళవారం, సరిగ్గా ఏడూ ఇరవై ఒకటికి ఇదే ఫోనుకి ఆమె ఏజెంటొకడు చేశాడు. “అక్కా, నేనే. ఇవాళ పాఠంలో...” అన్నాడతను. “పుస్తకం తడిసింది” అన్న కోడ్ వర్డ్ చెప్పలేదు. ఆమె పెట్టేసింది.

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని డిక్షనరీ అనేవారు. నిఘంటువులు అమ్ముకునే వేషం కదా. అందరికీ పిన్ని అయిన ఆమెని అతనొక్కడే అక్కా అనేవాడు. ఆ మంగళవారం పదకొండుంబావుకి లాండ్రీ దుకాణంలో, ఇస్త్రీ గదిలో, తగిలించిన కోట్ల వెనక అతని శవం దొరికింది.

మూడు, నాలుగు...

నాలుగు రోజులకి ఈ ఊపిరి ఫోన్లు మొదలయ్యాయి. అదే టైము. రోజూ ఆమె ఐదు లెక్కపెట్టి పెట్టేసేది. 

ఐదు.

రేపటికి ఈ ఫోను ఉండదు. ఆమె పెట్టెయ్యలేదు.

ఊపిరి వెనకాల ఇంకేదో ఉంది. ఆగి ఆగి కుట్టుమెషిను నడుస్తోంది. దాని వెనక ఎవరింట్లోనో రేడియో. ఆ గొంతు ఆమెకి బాగా తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. ‘రోజుకో మాట’. ఏడుంబావు నుంచి ఏడున్నర దాకా రోజూ ఒక ఇంగ్లీషు ఫ్రేజల్ వర్బ్. ముందు అర్థం, తర్వాత పుట్టుక, ఆఖర్న వాడుక. ఆ పాఠాలు రాసేది పిన్నే. రాస్తుంది గానీ ఎప్పుడూ వినదు. వండినావిడకి ఆకలుండదంటారే, అలాగ.

“కాల్ ఆఫ్, అంటే రద్దు చెయ్యడం. దీని పుట్టుక చిత్రంగా ఉంటుంది,” అంటోంది రేడియోలో టీచరు. “పూర్వం ఒక నాటకశాలకి బట్టలు కుట్టే ఆవిడ ఉండేది. శుక్రవారం పన్నెండు గంటలకి వెనక గుమ్మంలోంచి మూట పట్టుకుని మేడ మీదికి వెళ్ళేది. ఒకనాడు ఆవిడని పిలిచి, ఇక నీ పని చాలన్నారు...”

పిన్ని వేళ్ళు బిగుసుకున్నాయి. ఆమె రాసింది వేటకుక్కల్ని వెనక్కి పిలవడం గురించి. రెండు పెద్ద నిఘంటువులు తిరగేసి, సరిచూసుకుని మరీ రాసింది. ఈ దర్జీ ఎవరు? నాటకశాల ఏమిటి?

“ఎవరమ్మా మీరు? పెట్టెయ్యకండి, ఒక్క నిమిషం...”

కుట్టుమెషిను ఆగింది. ఈసారి అటువైపువాళ్ళే పెట్టేశారు.

గోడ మీద క్యాలెండరు కేసి చూసింది. శుక్రవారం.

“ఎవరే?” అన్నాడు భర్త.

“ఆఫీసువాళ్ళు. అర్జెంటట,” అంటూ ఆమె కోటు తొడుక్కుంది. మొదటిసారి అది అబద్ధంలా వినిపించలేదు.

*

“రిపోర్ట్,” అన్నాడు చీఫ్. రెండు వారాలుగా జలుబు. రుమాలు లేనిదే మాట్లాడలేడు.

“నెమలి ఎదురు తిరిగింది సార్.”

“ప్రూఫ్?”

“పాఠంలో పుట్టుక మార్చి చదివింది.”

చీఫ్ రుమాలు కిందపెట్టి ఆమెని ఎగాదిగా చూశాడు. “పొద్దున్నే నవ్వించకండి పిన్నీ. నాకు దగ్గొస్తుంది.”

రేడియో టీచరుకి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు నెమలి. ఖరీదైన కోట్లు, టోపీలో ఈక, గదిలోకొస్తే మగవాళ్ళంతా ఒకేసారి నెక్‌టైలు సర్దుకునేంత అందం. ఒక విదేశీ ముఠా ఊళ్ళో తన మనుషులకి ఆ పాఠాల ద్వారానే ఆర్డర్లు పంపేది. రెండేళ్ళ కిందట ఆమె పట్టుబడింది. జైలా, డబుల్ ఏజెంటు పనా అంటే రెండోది ఒప్పుకుంది. అప్పట్నుంచి పాఠం మనవాళ్ళు రాసిస్తారు, ఆమె చదువుతుంది. వాడుకలో ఇచ్చే నాలుగు వాక్యాల్లో రెండోది ముఠాకి తప్పుదారి పట్టించే ఆర్డరు. మానిటరింగ్ సెక్షన్ రోజూ విని, ఆ నాలుగు వాక్యాలూ అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయో లేదో సరిచూస్తుంది.

“రెండేళ్ళలో ఒక్క అక్షరం తేడా రాలేదు,” అన్నాడు చీఫ్.

“వాడుకలో రాలేదు. పుట్టుక ఎవరు వింటున్నారు?”

“పుట్టుక ఎవడిక్కావాలి? ఎవడైనా మాట ఎలా వాడాలో నేర్చుకుంటాడు గానీ, అది ఎక్కడ పుట్టిందో... ” అని ఆగిపోయాడు. తుమ్ము కాదు, ఆలోచన అడ్డొచ్చింది. “రాసిన మనిషి మీరు. మీరూ వినలేదా?”

“లేదు సార్.”

చీఫ్ మళ్ళీ రుమాలు అందుకున్నాడు.

“రేడియోవాళ్ళు టేపులు ముప్ఫై రోజులుంచుతారు,” అందామె. “ఆ మంగళవారానిది కావాలి. డిక్షనరీ పోయిన రోజుది.”

ఫారాలు నింపి, సంతకాలు చేయించుకుని, టేపు చేతికొచ్చేసరికి పదిన్నర దాటింది. ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఆ రోజు మాట ఏదో ఆమెకి గుర్తే. పొద్దున్న కూతురు అడిగిన మాటే.

“హ్యాంగ్ అప్,” అంది నెమలి, చెవిలో తేనె పోసినట్టు. “పూర్వం యజమాని ఒక కొట్లో, పనివాడు ఇంకో కొట్లో ఉండేవారు. మధ్యలో మాట్లాడుకునే గొట్టం. గొట్టం యజమాని చేతిలో ఉన్నంతసేపూ పనివాడు కదలకుండా చెవి ఆనించి ఉండాలి. యజమాని దాన్ని కొక్కేనికి తగిలించిన మరుక్షణం పని మొదలుపెట్టాలి. ఒక మంగళవారం పదకొండింటికి, లాండ్రీ కొట్లో, పుస్తకాలమ్మే అతను కోటు తీసుకోవడానికొచ్చాడు...”

ఒక్క ముక్కా ఆమె రాసింది కాదు.

అతను విన్నాడు. నిఘంటువులమ్మే వేషం వేసుకుని నిజంగానే నిఘంటువుల మోజులో పడ్డవాడు, ఊళ్ళో ఆ పుట్టుక తప్పని పట్టుకోగలిగినవాడు అతనొక్కడే. పుస్తకాలమ్మేవాడంటే తనే అని కూడా అర్థమై ఉంటుంది. కంగారులో కోడ్ వర్డ్ మర్చిపోయాడు. పదకొండింటికి లాండ్రీకి వెళ్ళాలా మానాలా అని అడగడానికి చేశాడు. డిపార్ట్‌మెంట్ రూల్స్‌లో ఇంకొకటుంది: కొత్త ఆర్డరు రాకపోతే పాత షెడ్యూలే ఆర్డరు. ఆమె ఏమీ చెప్పలేదు కాబట్టి వెళ్ళాడు.

టేపు తిరుగుతూనే ఉంది. ఇప్పుడు వాడుక. అవి మాత్రం ఆమె రాసిన వాక్యాలే. నాలుగోది వచ్చింది. “షీ హంగ్ అప్ ఆన్ హిమ్. అతని మాట పూర్తి కాకుండానే ఆమె ఫోను పెట్టేసింది.”

రాసినప్పుడు అది ఉత్త ఉదాహరణ. పాఠంలో పుట్టుక తర్వాత వాడుక. అంటే ఆమె రిసీవరు పెట్టేసిన రెండు మూడు నిమిషాలకి, అతనింట్లో రేడియోలో, ఈ వాక్యం వచ్చి ఉంటుంది. అతను ఇంకా ఫోను పక్కనే నిలబడి ఉంటాడు.

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. అవి బల్ల మీద కూడా ఏదో గొణుగుతూనే ఉన్నాయి.

చీఫ్ అప్పటికే డిక్షనరీ ఫైలు తెరిచాడు. లాండ్రీ యజమాని వాంగ్మూలం దగ్గర ఎప్పుడో పెన్సిలుతో పెట్టుకున్న ప్రశ్నార్థకం ఉంది. ‘ఒక కస్టమరు ఫోను చెవికి ఆనించుకుని పది నిమిషాలు నిలబడ్డాడు. ఒక్క మాటా మాట్లాడలేదు. పెట్టేసి ఇస్త్రీ గదివైపు వెళ్ళాడు.’

“లైను తెగడమే సిగ్నల్,” అన్నాడు చీఫ్. ఇప్పుడతని గొంతులో జలుబు లేదు. “నెమలి దుకాణానికి ఎదురుగా ఎక్కడో ఫోను దగ్గర నిలబడి దారి చూస్తుంది. చంపాల్సిన మనిషి లోపలికెళ్ళాక, చుట్టుపక్కల ఎవరూ లేకపోతే పెట్టేస్తుంది. లోపలున్నవాడు పని కానిస్తాడు. మరి ఇవాళ్టి దర్జీ ఎవరు?”

ఫోనులో విన్న కుట్టుమెషిను గుర్తొచ్చి, పిన్ని అదే ఫైల్లో మొదటి పేజీ తిప్పింది. ఏజెంట్ల కుటుంబాలని కలవకూడదని రూలు. ఆ పేజీ ఆమె ఎప్పుడూ చదవలేదు. భార్య: దర్జీ. నాటకశాలకి దుస్తులు కుట్టును. కింద ఇంటి ఫోన్ నంబరు.

డయల్ చేసింది. మోగింది, మోగింది, మోగింది. ఎవరూ తీయలేదు. గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది.

*

“యూనిఫాంలు వద్దు,” అన్నాడు చీఫ్ కారు తలుపు పట్టుకుని. “నెమలి ఎగిరిపోతే, ఆ మనిషిని ఇంకో శుక్రవారం చంపుతారు. డ్రైవరూ, ఇంకో ఇద్దరూ ముందు గుమ్మంలోంచి వెళ్ళి దుస్తుల గది చేరాలి. మేడ మీద, చివరిది. ఫోనుంది. ఐదారు నిమిషాలు పడుతుంది. అంతదాకా లైను తెగకూడదు. పనయ్యాక ఆ ఫోనులోనే ‘బట్టలు ఆరాయి’ అంటారు. ఇది ఉంచండి.” కళ్ళజోడు పెట్టె లాంటి వైర్‌లెస్ సెట్టు ఇచ్చాడు.

“పనిచేస్తుందా సార్?”

“కళ్ళజోడు పెట్టుకోవడానికి పనికొస్తుంది.”

పదకొండూ యాభై నాలుగు. నాటకశాల వెనక సందు మలుపులో అద్దాల టెలిఫోన్ బూత్. లోపల ముదురాకుపచ్చ కోటు, నల్ల గ్లవ్స్, టోపీలో ఈక. చెవి దగ్గర రిసీవరు. పెదాలు కదలట్లేదు.

పిన్ని తలకి స్కార్ఫు కట్టుకుని, లావాటి అద్దాలు పెట్టుకుని, చేతిలో బుట్టతో సందులోకొచ్చింది. వేషం మార్చడం ఆమెకెప్పుడూ కష్టం కాలేదు. నలభై ఎనిమిదేళ్ళ ఆడదాన్ని బుట్టతో చూసి రెండోసారి చూసేవాళ్ళు ఏ ఊళ్ళోనూ ఉండరు.

అవతలి పేవ్‌మెంటు మీద ఒక సన్నటి అమ్మాయి మూట ఎత్తుకుని వస్తోంది. జాకెట్ కాలరుకి గుండుసూదులు గుచ్చుకుని ఉన్నాయి. ముప్ఫై కూడా ఉండవు. వెనక గుమ్మం తోసుకుని లోపలికి వెళ్ళింది. కేక వేస్తే వినపడే దూరమే. కేక వేస్తే నెమలి ఫోను పెట్టేస్తుంది.

పిన్ని బూత్ తలుపు తీసి పట్టుకుంది.

“అమ్మాయ్, ఇంకెంతసేపు? మా ఆయన క్యారేజీ మర్చిపోయి వెళ్ళాడు. ఫోను చెయ్యాలి.”

గ్లవ్స్ చెయ్యి ఒక్క వేలు ఎత్తింది. ఆగమని.

“నువ్వేమీ మాట్లాడట్లేదుగా! ఉత్తినే పట్టుకుని నిలబడ్డానికి ఇదేమన్నా బస్సులో కమ్మీనా? అవతల మనిషి ఆకలికి ఉండలేడు. షుగరు కూడానూ...”

నెమలి తిరిగి చూసింది. విసుగు కాస్తా చిరునవ్వయింది. చేత్తో రిసీవరు మూసింది.

“పిన్నీ! వేషం బాగుంది. కానీ చూపుడు వేలికి ఆ ఎర్ర ఇంకేమిటి? ప్రూఫులు దిద్దేవాళ్ళు చేతులు కడుక్కోరా?”

“ఎప్పట్నుంచి?” అంది పిన్ని.

“మొదట్నుంచీ. వాడుకకి కాపలా పెట్టారు. పుట్టుక నాకొదిలేశారు. మీరు అంత కష్టపడి వెతికేవారు, పాపం, చదివేటప్పుడు నాకే బాధగా ఉండేది.”

“ఆ పిల్లేం చేసింది?”

“మొగుడి నోటుపుస్తకం దాచుకుంది. నేను తప్పు చెప్పిన పుట్టుకలన్నీ తారీకులతో రాసుకున్నాడు. నిన్న దాన్ని తెచ్చి మా రేడియో స్టేషన్ రిసెప్షన్‌లో, ఇది ఎవరికివ్వాలండీ అని అడిగింది. నన్నే అడిగింది.” నెమలి కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి. పనివాళ్ళు ఇద్దరు భోజనానికి బయటికొస్తున్నారు. ఒకడు చుట్ట వెలిగించుకోవడానికి గుమ్మంలోనే ఆగాడు. “అతను ఎవరో అక్కకి ఫోను చేశాడని ఆ పిల్లే చెప్పింది. మీరు పెట్టేశారు. రూలు ప్రకారమే. నాకూ రూలు ప్రకారమే నడవాలని ఉంటుంది.”

చుట్ట అంటుకుంది. పనివాడు సందు మలుపు తిరిగాడు. గుమ్మం ఖాళీ.

నెమలి రిసీవరు కొక్కెం మీదికి విసురుగా దించింది.

పిన్ని రెండు వేళ్ళు అప్పటికే కొక్కెం కింద ఉన్నాయి.

చప్పుడు ముందు వినపడింది, నొప్పి తర్వాత తెలిసింది. వేళ్ళ మీద ఇనుము, ఇనుము మీద రిసీవరు, దాని మీద నెమలి బలమంతా. కొక్కెం వేళ్ళ దగ్గర ఆగిపోయింది. కిందకి దిగలేదు.

“తియ్యి!” అంది నెమలి. రేడియోలో ఎవరూ ఎప్పుడూ వినని గొంతు అది. రెండో చేత్తో బ్యాగులో లిప్‌స్టిక్ గొట్టం వెతుక్కుంటోంది. అందులో ఒక్క తూటా పడుతుందని డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు, ఎందుకంటే అది వాళ్ళిచ్చిందే. పిన్ని భుజంతో ఆమెని అద్దానికేసి అదిమింది. బ్యాగు జారి పడింది. బుట్టలోంచి ఉల్లిపాయలు దొర్లాయి. కాలితో గొట్టాన్ని సందులోకి తన్నింది.

రిసీవరు ఆమె మొహానికి జానెడు దూరంలో ఉంది. అందులోంచి ఊపిరి వినపడుతోంది. కుడిచేతి రెండు వేళ్ళూ నలిగి, ఎముకలు ఒకదాని మీదొకటి ఎక్కి ఉండగా, ఆమె ఆ ఊపిరినే వింది. మేడ మీద, దుస్తుల వరసల మధ్య, ఎవడో మొహం తెలియనివాడు, ఆజ్ఞ కోసం బుద్ధిగా చెవి ఆనించి నిలబడ్డాడు. ఆ చప్పుడులో, ఒక మాట మొదలుపెట్టి ఆగిపోయిన ఇంకొకరి చప్పుడు కూడా ఉన్నట్టనిపించింది. ఆమె లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఐదు దాటింది. యాభై దాటింది. నెమలి గోళ్ళు మణికట్టులో దిగుతున్నాయి. నూటఇరవై. వేళ్ళున్నాయో లేదో తెలియట్లేదు. నూటఎనభై ఆరు.

రిసీవరులో ధభీమని చప్పుడయింది. ఒక హ్యాంగర్ల స్టాండు కూలినట్టు, ఎవరో అరిచినట్టు. తర్వాత ఆయాసపడుతూ డ్రైవరు గొంతు.

“బట్టలు ఆరాయి పిన్నీ. అమ్మాయి క్షేమం. వాడు ఇంకా ఫోను చెవికి పెట్టుకునే ఉన్నాడు చూడండి, వెధవ! వదలమన్నా వదల్లేదు.”

నెమలి చెయ్యి సడలింది. సందులోకి వచ్చిన మనుషులు తలుపు తీసి ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు. నడుస్తూ ఈక సర్దుకుని, ఒక్క క్షణం వెనక్కి తిరిగింది.

“కాల్ ఆఫ్‌కి అసలు పుట్టుక వేటకుక్కలే కదూ పిన్నీ? మీరు రాసిందే బాగుంది.”

*

ఆస్పత్రిలో కట్టుకట్టే గది బయట బెంచీ మీద ఆ అమ్మాయి కూర్చుని ఉంది. ఒళ్ళో మూట అలాగే ఉంది. పిన్ని వచ్చి పక్కన కూర్చున్నా ఆమె తిరిగి చూడలేదు.

“హలో అనండి,” అంది.

“ఏమిటమ్మా?”

“ఒక్కసారి హలో అనండి.”

“హలో,” అంది పిన్ని.

“మీరే.” అమ్మాయి చేతులు మూటని గట్టిగా పట్టుకున్నాయి. “ఆ రోజు ఆయన రేడియో వింటూ వింటూ లేచి ఎవరికో చేశారు. మెషిను మీద ఉన్నాను, సగమే వినిపించింది. అక్కా అన్నారు. ఆయనకి అక్కలు లేరు. నంబరు నోటుపుస్తకం అట్ట మీద దొరికింది. చేస్తే ఆడగొంతు. రోజూ చేసేదాన్ని. అడుగుదామనే చేసేదాన్ని, మీరు ఆయనకేమవుతారని. గొంతు వినగానే నోరు పెగిలేది కాదు. ఐదు లెక్కపెట్టేలోగా మీరు పెట్టేసేవారు.” ఆగింది. “నేను చాలా అనుకున్నాను మీ గురించి. చెప్పుకోలేనివి.”

“అనుకుని ఉంటావు.”

“ఇవాళ చూస్తే మా అత్త ఈడు.” ఆమె నవ్వబోయి నవ్వలేదు. “వెనక సందులో డ్రైవరు గారు కొంచెం చెప్పారు. మా ఆయన పుస్తకాలే అమ్మలేదని. నాకు మాత్రం నాలుగు అంటగట్టారు. ఆ రోజు మీతో ఏం చెప్పారు?”

అబద్ధం చెప్పడానికి పదిహేడేళ్ళ ట్రైనింగుంది. నాలుక మీద మూడు నాలుగు అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి. అన్నీ ఓదార్చేవే.

“ఏమీ చెప్పలేదు,” అంది పిన్ని. “అక్కా, నేనే, ఇవాళ పాఠంలో, అన్నాడు. నేను పెట్టేశాను. వెళ్ళాలా వద్దా అని అడగబోయాడు. నేను వినుంటే వద్దనేదాన్ని.”

నర్సు తోసుకుంటూ వెళ్ళిన బండి చక్రాల చప్పుడు కారిడార్ చివరిదాకా వెళ్ళి ఆగింది.

“ఫోను పక్కనే నిలబడ్డారు ఆయన,” అంది అమ్మాయి చివరికి. “చాలాసేపు. మళ్ళీ చేస్తారేమో అన్నట్టు. తర్వాత ‘మా అక్క రూల్సు మనిషి’ అని నవ్వారు. టిఫిను తిని వెళ్ళారు.”

 కొంతసేపటికి అమ్మాయి వంగి, ఊడిన స్కార్ఫు అంచుని తన కాలరు మీది గుండుసూది తీసి పిన్ని భుజానికి గుచ్చింది. క్షమించినట్టు కాదు. ఊడితే గుచ్చడం ఆమె చేతులకి అలవాటు, అంతే.

చీఫ్ వచ్చాడు. ముఠాలో ఇంకా ఇద్దరు దొరకాలనీ, ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళకూడదనీ, డిపార్ట్‌మెంట్ గది ఉందనీ చెప్పాడు. ఆ గది పిన్నికి తెలుసు. ఒక మంచం, ఒక బల్బు, బయట్నుంచి గొళ్ళెం.

*

సాయంత్రం టీ బల్ల చుట్టూ నలుగురూ ఉన్నారు. చేతికట్టు గురించి అడగడం, కారు తలుపులో పడిందన్న జవాబు, తలుపులు చూసి వెయ్యాలన్న సలహా, అన్నీ అయిపోయాయి. కూతురు పక్కన కూర్చుని తల్లి రొట్టెకి వెన్న రాసిపెడుతోంది.

పిన్ని ఎడమచేత్తో కప్పు పట్టుకుని, గొంతు పెంచకుండా చెప్పింది.

“రేపట్నుంచి ముందు గదిలో ఒక అమ్మాయి ఉంటుంది. కుట్టుమెషినుతో సహా. ఎన్నాళ్ళంటే, ఆ అమ్మాయి ఉంటానన్నన్నాళ్ళు.”

భర్త కప్పు దించాడు. “ముందు గదిలో నా మ్యాపుల బల్లుంది!”

“పడగ్గది కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుంది. అక్కడికి జరుపుదాం.”

“అది కాదు. ఎవరా అమ్మాయి? మనకేమవుతుంది?”

“నా తమ్ముడి భార్య.”

బల్ల చుట్టూ చెంచాలాగాయి. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమెకి తోబుట్టువులెవరూ లేరని ఆ ఇంట్లో తెలియనివాళ్ళు లేరు.

“నీకు తమ్ముడెక్కడున్నాడే?” అన్నాడు భర్త, మెల్లిగా.

“ఉండేవాడు,” అందామె. “ఈమధ్యే పోయాడు.”

ఆ మొహంలో ఏం చూశాడో గానీ, అతను లేచి, కొలతబద్ద తీసుకుని, పడగ్గది కిటికీ కొలవడానికి వెళ్ళాడు.

అత్తగారు మాత్రం కోడల్ని చాలాసేపు చూసి, టీ ఆఖరి గుక్క తాగింది.

“సరే, మరదలన్నమాట. దుప్పట్లు తీస్తాను,” అంది. “ఇలా దాచిపెట్టిన చుట్టాలు ఇంకెంతమందున్నారో ఒకేసారి చెప్పు తల్లీ. పక్కలు సరిపోవద్దూ!”